సగం మాత్ర

మాత్రను సరిగ్గా రెండు ముక్కలు చేయాలంటే ఆల్చిప్పలు తెరిచే కత్తిని మించినది లేదు. మొన పొట్టిగా, పిడి లావుగా ఉంటుంది. మణికట్టుతో ఒక్కసారి అదిమితే చాలు. మల్సూన్ ఆ పని రోజూ పొద్దున్నే వంటగట్టు దగ్గర, తలుపుకి వీపు పెట్టి చేస్తుంది. ఒక సగం తన నోట్లో వేసుకుంటుంది. రెండో సగాన్ని చెంచా వెనకతో నూరి మొగుడి సోయా పులుసులో కలిపేస్తుంది. చేదు తెలియకూడదని ఈమధ్య ఇంకో అరచెంచా సోయా ముద్ద కూడా వేస్తోంది. పులుసు సముద్రంలా ఉప్పగా ఉంటుంది, చేదు దాని అడుగున పడిపోతుంది.

ఆ వేళకి చాంగ్బే బయట మెట్టు మీద కూర్చుని రోజులో మొదటి సిగరెట్టు కాలుస్తూ ఉంటాడు. అరవై నాలుగేళ్లు వచ్చినా ఆస్పత్రి గడప తొక్కని మనిషి. డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకే జబ్బులుంటాయని, తాను వెళ్లలేదు కాబట్టి తనకు లేవని ఆయన వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కిందటి ఆగస్టులో సముద్రంలో పక్క వరసలో ఆల్చిప్పలు సాగుచేసే దోగన్ తాడు చేతిలో ఉండగానే పడవలో కూలిపోయాడు. చాంగ్బే కంటే మూడేళ్లు చిన్నవాడు. గుండె ఆగిందన్నారు. అతన్ని ఒడ్డుకు మోసుకొచ్చింది చాంగ్బేనే. మోసుకొచ్చి, చేతులు కడుక్కుని, ఇదే మెట్టు మీద కూర్చుని వరసగా నాలుగు సిగరెట్లు కాల్చాడు తప్ప నర్సమ్మ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. మల్సూన్ బతిమాలింది, అలిగింది, రెండు రోజులు అన్నం మానేసింది. ఆయన రోజుకి పెట్టెడు సిగరెట్లని పదికి తగ్గించి, అదే మహా త్యాగంలా చెప్పుకున్నాడు. అప్పుడే ఆమె తన రక్తపోటు మాత్రని సగం చేయడం మొదలుపెట్టింది. మందు ఒంట్లోకి వెళ్లాలి గానీ, మాత్రల సంచీ మీద ఎవరి పేరుంటే ఏమిటి అనుకుంది.

"పులుసు బావుందా మీరాన్ నాన్నా?" అని అడుగుతుంది, ఆయన గిన్నె ఎత్తి చివరి చుక్కదాకా తాగుతుంటే. కూతురు మీరాన్ పుట్టిన రోజు నుంచీ ఆమె ఆయన్ని అలాగే పిలుస్తుంది.

ఆయన మూతి తుడుచుకుని తల ఊపుతాడు. అంతకంటే మెచ్చుకోలు ఆ ఇంట్లో లేదు.

గురువారం పది గంటలకి, మల్సూన్ ఆల్చిప్పలు తెరిచే షెడ్డులో పని ఆగింది. ఇరవై మంది ఆడవాళ్లు పొడుగాటి ఇనుప బల్లల ముందు ఐదింటి నుంచీ నిలబడే ఉన్నారు. ఎడమ చేతికి నూలు తొడుగు, దాని మీద రబ్బరు తొడుగు. చిప్ప అంచుని వేలితోనే వెతికి, కత్తి మొన దూర్చి, ఒక్క మెలిక తిప్పి, లోపలి కండని కోసి, తెల్లటి మాంసాన్ని గిన్నెలోకి విదిలించడం. మల్సూన్ చేతిలో అదంతా కలిపి ఒక్క కదలిక. మరుగుదొడ్డి దూరమని ఎవరూ నీళ్లు తాగరు. కానీ పంచదార కాఫీ పొట్లాలు మాత్రం పొద్దుటి నుంచి మూడేసి అయిపోతాయి, అవి లేకపోతే వేళ్లు కదలవంటారు.

బాంగ్ నర్సమ్మ నెలకి రెండు గురువారాలు ఈ విరామంలోనే వస్తుంది. నలభై ఏళ్ల మనిషి. రేవు మీద ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రానికి నర్సూ, పెద్దా, తాళం వేసేదీ అన్నీ ఆవిడే. తిరగేసిన ప్లాస్టిక్ పెట్టె మీద మల్సూన్ని కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి, యంత్రం నొక్కింది. నూట అరవై ఆరు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ నొక్కింది. నూట అరవై నాలుగు.

"పెద్దమ్మా, మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"రోజూ."

అది అబద్ధం కాదు కదా అని మల్సూన్ తనకు తాను చెప్పుకుంది. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చేయి తిన్నగా మాత్రల సంచీ ఉన్న ముందుగుడ్డ జేబు మీదికే వెళ్లింది.

నర్సమ్మ నొసలు ముడిపడింది. మూడు నెలలుగా ఇదే వరస. ఉప్పు తగ్గించమని, పులుసులో ముక్కలు తిని నీరు వదిలేయమని మళ్లీ చెప్పింది. తర్వాత పక్కకి వెళ్లి పట్నం డాక్టరుతో ఫోనులో చాలాసేపు మాట్లాడింది. పాత మాత్ర మీకు చాలడం లేదు పెద్దమ్మా, రేపటి నుంచి వేసుకోవడానికి రెండు మందులు కలిసిన గట్టి మాత్ర రాత్రికే పంపిస్తాను అంది. మల్సూన్ ముఖం వెలిగిపోవడం చూసి, మందు పెంచితే ఇంత సంతోషించే మనిషిని ఎక్కడా చూడలేదని కూడా అంది. గట్టి మాత్రలో సగం కూడా గట్టిగానే ఉంటుంది కదా అని మల్సూన్ లెక్క.

అప్పుడే చాంగ్బే తడి బూట్లతో లోపలికొచ్చాడు, ఆల్చిప్పల వల సంచులు దించడానికి. మల్సూన్ పక్క బల్ల గుమ్జా ఊరుకునే రకం కాదు.

"బావగారూ, ఇక్కడ అందరి చేతులూ అయిపోయాయి, మీదొక్కటే మిగిలింది. సూది అనుకునేరు, ఉత్త గుడ్డ పట్టీయే."

ఇరవై మంది ఆడవాళ్లు నవ్వుతుంటే మగవాడు వెనక్కి ఎలా వెళ్తాడు? కూర్చున్నాడు, చేయి చాపాడు. మల్సూన్ ఊపిరి బిగపట్టింది. నూట ముప్పై నాలుగు.

అదేమిటో అర్థమయ్యేదాకా కళ్లు చిట్లించి, అర్థమయ్యాక చాంగ్బే లేచి నిలబడ్డాడు. ఈ వయసుకి బాగానే ఉందని నర్సమ్మ అన్నమాట ఒక్కటే చెవికెక్కింది. వేలి చివర ఒక రక్తపు చుక్క ఇవ్వండి, చక్కెర కూడా చూద్దాం, నడుము కొలుద్దాం అని ఆవిడ అంటూనే ఉంది. ఒక్క అంకె చాలమ్మా, నూట ముప్పై నాలుగు అంటూ ఆయన షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా చాటుకుంటూ పోయాడు. తన సగం మాత్ర పనిచేస్తోందని మల్సూన్‌కి ఎంత గర్వమనిపించిందంటే, మిగిలిన పొద్దంతా కత్తి దానంతటదే నడిచింది.

ఆ గర్వం సాయంత్రం భోజనం దాకా కూడా నిలవలేదు. చాంగ్బే వచ్చీ రావడంతోనే దాచిపెట్టిన ఉప్పు చేపల జాడీ ఎక్కడుందని అడిగాడు. సోజు సారా మూడు గ్లాసులు తాగి నాలుగోది ఒంపుకున్నాడు. జేబులోంచి కొత్త సిగరెట్టు పెట్టె తీసి, అందులో పదే కాలుస్తాననే ఒట్టుకి ఇక పనిలేదన్నాడు.

"నర్సమ్మే చెప్పిందిగా. పాపం దోగన్ గుండె మెతక. నాది నూట ముప్పై నాలుగు."

మల్సూన్ ఉప్పు చేపల జాడీ తెచ్చి ముందు పెట్టింది. ఏమని చెబుతుంది? ఆ అంకె మీది కాదు అంటే, మరి ఎవరిది అంటాడు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, ఆయన్ని కాపాడాలని పెట్టిన సగం మాత్ర ఆయన చేతికి అనుమతి పత్రమై కూర్చుంది. ఆయన చేపని చీల్చి తన అన్నం మీద పెడుతుంటే వద్దనలేక తింది. గట్టి మాత్ర వస్తోంది కదా, ఇవన్నీ అదే మోస్తుందిలే అని మనసుకి సర్దిచెప్పుకుంది.

శుక్రవారం నారింజరంగు కొత్త మాత్ర కత్తి కింద చక్కగా విరిగింది. శనివారమూ విరిగింది.

శనివారం తొమ్మిదిన్నరకి గుమ్జా ఫోను మోగింది. గుమ్జా మొగుడిది కూడా చాంగ్బే పడవలోనే పని. ఫోను వింటూనే గుమ్జా కత్తి కింద పెట్టి, మాట్లాడకుండా మల్సూన్ వైపు చూసింది. గుమ్జా మాట్లాడకపోవడమే మల్సూన్‌కి సగం చెప్పేసింది. తొడుగులు కూడా తీయకుండా, రబ్బరు బూట్లతో రేవు దాకా పరిగెత్తింది. ఆ రెండు వందల అడుగులూ ఆమెకు దోగన్ చేతిలోని తాడే కనిపించింది.

చాంగ్బే బతికే ఉన్నాడు. రేవు అంచున ఒక పెట్టె మీద కూర్చుని, భుజాల మీద ఎవరిదో కోటు కప్పుకుని, పాలిపోయిన ముఖంతో జోకులు వేస్తున్నాడు. నీళ్లలోకి వంగి తాడుకి కొక్కెం తగిలించి లేచాడట. లేవగానే సముద్రమంతా నల్లగా అయిపోయిందట. మోకాళ్లు జారి ముందుకి ఒరిగితే గుమ్జా మొగుడు కాలరు దొరకబుచ్చుకున్నాడు. కాలరు చిరిగింది, మనిషి మిగిలాడు.

"ఖాళీ కడుపు, అంతే," అన్నాడు చాంగ్బే. ఆయన పొద్దున రెండు గిన్నెల అన్నం తిన్నాడని మల్సూన్‌కి తెలుసు, పులుసు చివరి చుక్కదాకా తాగాడని కూడా తెలుసు.

అందరూ చూస్తుండగా ఆయన చొక్కా చేయి పట్టుకుని లేపింది. నలభై ఏళ్ల కాపురంలో వీధిలో మొగుడి చేయి పట్టుకోవడం అదే మొదలు. ఎక్కడికే అన్నాడు ఆయన.

"నర్సమ్మ దగ్గరికి. అక్కడే చెప్తాను."

ఆయన కప్పుకున్న కోటు తీసి ఇచ్చేసి ఆమె వెనకే నడిచాడు.

నర్సమ్మ కాపురం ఆరోగ్య కేంద్రం మీద గదిలోనే. చేతులు తుడుచుకుంటూ దిగొచ్చి, చాంగ్బేని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి కొలిచింది. నిలబడితే తొంభై రెండు. మొన్న నూట ముప్పై నాలుగు ఉన్న మనిషికి ఇదేమిటని ఆవిడ ఆశ్చర్యపోతుంటే, మల్సూన్ ముందుగుడ్డ జేబులోంచి కత్తి తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మాత్రల సంచీ తీసి దాని పక్కన పెట్టింది.

"సగం నేను వేసుకున్నా. సగం ఈయన పులుసులో కలిపా. మూడు నెలల నుంచి."

నర్సమ్మ సంచీ మీది పేరు చూసింది, కత్తి చూసింది, కుర్చీలో కూర్చుండిపోయింది.

"మందు చాలట్లేదని పెంచాను పెద్దమ్మా. పెంచింది వెళ్లి ఈయన మీద పడింది. ఈయన నీళ్లలో పడుంటే నేను రాసిన చీటీ వల్లే పడుండేవారు. మీరేమో మూడు నెలలుగా సగం మందు మీద ఆ చలిలో నిలబడుతున్నారు. మీ ఇంట్లో ఇద్దరు పోయేవాళ్లు, ఒక్క మాత్రకి."

మల్సూన్ తలదించుకుని ఏడ్చింది. ఆయన బతకాలని, అంతేనని, ఇంకో దారి తెలియలేదని అంది.

చాంగ్బే అరుస్తాడనుకుంది. ఆయన అరవలేదు. అడగకుండానే కుడిచేతి వేలు నర్సమ్మ ముందు పెట్టాడు. ఆవిడ చుక్క రక్తం తీసింది, టేపుతో నడుము కొలిచింది, సిగరెట్లు ఎన్ని, సోజు ఎంత అని అడిగి ఒక కాగితం మీద రాసింది. చక్కెర హద్దు మీద ఉంది. నడుము హద్దు దాటింది. అసలు రక్తపోటు ఎంతో మాత్రలన్నీ ఆపి ఐదు రోజులయ్యాక గానీ తెలియదు. ఈలోపు నీళ్లు బాగా తాగాలి, పడవ ఎక్కకూడదు, మళ్లీ కళ్లు తిరిగితే క్షణం ఆగకుండా తనకి ఫోను చేయాలంది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే కొంపలంటుకునేదేమీ లేదు గానీ, అన్నీ ఒకే ఒంట్లో ఉండటమే తన భయమంది.

"ఏదీ పెద్దది కానప్పుడు భయం దేనికి?" అని చాంగ్బే అడిగాడు. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే.

నర్సమ్మ మాట కోసం వెతుక్కుంటుంటే ఆయన చూపు కిటికీలోంచి బయటికి పోయింది. అక్కడ నీళ్ల మీద తెల్లటి బెండ్లు వరసలు వరసలుగా తేలుతున్నాయి. ఒక్కో బెండు కింద ఆల్చిప్పల తాళ్లు మనిషికి నాలుగింతల లోతుకి వేలాడుతుంటాయి.

"నర్సమ్మా, ఈ నెలలో బెండ్లు మునుగుతాయి. చిప్పలు బలుస్తాయిగా. ఏ చిప్పనడిగినా నేనెంత, పిడికెడంటుంది."

"మునిగితే మీరేం చేస్తారు?"

"ఒక తాడు మొత్తం కోసేస్తే వరస పక్కకి ఒరుగుతుంది. ప్రతి తాడు నుంచీ కొంచెం కొంచెం దులుపుతాం. పక్కన ఇంకో బెండు కడతాం."

నర్సమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆ ఇంకో బెండే మాత్ర. వారం తర్వాత పట్నం డాక్టరు చూసి, మీ పేరు మీద, మీ కొలతకి ఇస్తారు. అది కట్టాం కదా అని తాళ్లు ఇంకా బరువెక్కిస్తే అదీ మునుగుతుంది. ఉప్పు, సోజు, నడుము, కాఫీలో పంచదార... ఇవి మీరు దులపాలి. సిగరెట్టు మాత్రం దులిపేది కాదు. ఆ ఒక్క తాడూ కోసెయ్యాలి."

"ఐదుకి దించుతా."

"ఇది చేపల సంత కాదు బాబాయ్."

తిరిగి వెళ్తుంటే చాంగ్బే ఆమెకంటే రెండడుగులు ముందు నడిచాడు, ఎప్పటిలాగే. రేవు మలుపు దగ్గర ఆగి, ఆమె వచ్చేదాకా నిలబడ్డాడు.

"పులుసు ఉప్పెక్కిందని మూడు నెలలుగా అనుకుంటున్నా. నీ చేతికి వయసొచ్చిందేమోలే, అంటే బాధపడతావని అనలేదు."

"చేదు తెలియకూడదని వేశాను."

ఆయన సముద్రం వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. అలా తిరిగే అన్నాడు. "నీకేమైనా అయ్యుంటే నా పులుసు గిన్నె వల్లే అయ్యేదే. నువ్వు పోయాక ఆ మెట్టు మీద నేను ఎవరి మీద అలిగి కూర్చోవాలి?"

నలభై ఏళ్లలో అంత పొడుగు మాట ఆయన నోట ఆమె వినలేదు. ఆమె ఆయన చిరిగిన కాలరు సర్దింది. రేపు కుట్టాలి అంది.

మర్నాడు పొద్దున చాంగ్బే వంటగట్టు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. నర్సమ్మ తిరిగి రాసిచ్చిన పాత మాత్ర ఒకటి సంచీలోంచి తీసి, ముక్క చేయకుండా ఆమె అరచేతిలో పెట్టాడు. మింగేదాకా కదల్లేదు, మింగాక నోరు తెరవమన్నాడు. పసిపిల్లకి పెట్టినట్టు ఆ పరీక్షేమిటని ఆమె విసుక్కుంది. విసుక్కుంటూనే తెరిచి చూపించింది. పులుసులో సోయా ముద్ద సగమే వేసింది. ఆయన ఒక గుటక తాగి, వేడినీళ్లకి రంగేసినట్టుందని అన్నాడు. ముక్కలు తిని, నీరు గిన్నెలోనే వదిలేశాడు. తర్వాత మెట్టు మీదికి వెళ్లి కూర్చున్నాడు. సిగరెట్టు లేని చేతులు ఏం చేయాలో తెలియక, మూలనున్న చిక్కుతాడు ఒళ్లో వేసుకుని విప్పడం మొదలుపెట్టాడు. మంగళవారానికి పెరట్లో చిక్కుతాళ్లు అయిపోయాయి. గుమ్జా ఇంటివి అడిగి తెచ్చుకున్నాడు. బుధవారం సాయంత్రం మాత్రం మెట్టు దగ్గర ఒక సిగరెట్టు పీక కనిపించింది. మల్సూన్ చూసింది. ఆమె చూడటం ఆయనా చూశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన సోజు గ్లాసు తనంతట తనే బోర్లించాడు.

ఆ గురువారం నర్సమ్మ రావలసిన వారం కాదు. అయినా పది గంటలకి వచ్చింది. ఆవిడ వెనకే చాంగ్బే, చొక్కా చేయి ముందే మోచేతి పైకి మడుచుకుని. బావగారు మళ్లీ చాటింపుకొచ్చారు అని గుమ్జా అనగానే షెడ్డంతా గొల్లుమంది. ఆయన పట్టించుకోలేదు. ముందు మా ఆవిడకి చూడండి అన్నాడు.

మల్సూన్ పెట్టె మీద కూర్చుంది. ఆయన పక్కనే నిలబడి, ఈదురుగాలిలో తన బెండ్లని చూసేటప్పటిలాగే యంత్రాన్ని చూశాడు. నూట నలభై ఎనిమిది. ఇంకా దిగాలి గానీ దారిలో పడిందని నర్సమ్మ చెప్పింది. చాంగ్బే వదిలిన ఊపిరి మల్సూన్ మెడకి తగిలింది.

తర్వాత ఆయన కూర్చున్నాడు. ఐదు రోజులుగా ఆయన ఒంట్లో ఎవరి మందూ లేదు. పట్టీ బిగిసింది, వదులైంది. నర్సమ్మ అంకె చూసి, ఇక పట్నం వెళ్లి తీరాలి బాబాయ్ అని మెల్లగా అంది. కానీ చాంగ్బే అప్పటికే లేచి నిలబడ్డాడు. పోయిన వారం ఎంత గొంతుతో చాటాడో అంతే గొంతుతో, అంతే ఠీవిగా షెడ్డంతా వినిపించేలా చెప్పాడు.

"నూట అరవై రెండు!"

కత్తులన్నీ ఆగిపోయాయి. గుమ్జా మొదట తేరుకుంది.

"అదేంటి బావగారూ, పోయిన వారం నూట ముప్పై నాలుగన్నారుగా?"

"అందులో సగం మా ఆవిడది," అన్నాడు చాంగ్బే. "ఇది నా సొంతం."

నవ్వాలో వద్దో తెలియక ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నర్సమ్మ సంచీలోంచి కొత్త కార్డు తీసి, పైన చాంగ్బే పేరు రాసింది. మల్సూన్ తల దించుకుని బల్ల మీంచి ఒక ఆల్చిప్ప అందుకుంది. కళ్లు మసకబారి దాని అంచు ఎక్కడుందో కనిపించలేదు. ఆ ఒక్క చిప్ప తెరవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.